ఇంగ్లీషు రెగ్యులర్ క్రియలు: నాలుగు రూపాలు, పన్నెండు కాలాలు

విషయక్రమం

1. లక్ష్యాలు
2. విషయ పరిచయం
3. రెగ్యులర్ క్రియ అంటే ఏమిటి?
4. తెలుగు క్రియ, ఇంగ్లీషు క్రియ: ప్రధాన భేదం
5. నాలుగు రూపాలు: స్పెల్లింగు, ఉచ్చారణ
6. సహాయక క్రియల వరుస, పన్నెండు కాలాలు
7. వ్యతిరేక వాక్యాలు, ప్రశ్నలు
8. తెలుగు మాతృభాషగా గలవారు తడబడే సందర్భాలు
9. సారాంశం
10. మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
11. నమూనా పరీక్షా ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- రెగ్యులర్ క్రియకు ఉన్న నాలుగు రూపాలను తయారు చేయగలుగుతారు.
- ఆ నాలుగు రూపాలతో పన్నెండు కాలాలను పట్టిక చూడకుండా నిర్మించగలుగుతారు.
- వ్యతిరేక వాక్యాలలో, ప్రశ్నలలో సరైన క్రియారూపాన్ని ఎంచుకోగలుగుతారు.
- ఒకే తెలుగు క్రియారూపానికి ఇంగ్లీషులో ఏయే సందర్భాలలో వేరువేరు రూపాలు వస్తాయో వివరించగలుగుతారు.

2. విషయ పరిచయం

ఇంగ్లీషు కాలాలు అనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చేది ఒక పెద్ద పట్టిక. పన్నెండు కాలాలు, ఒక్కొక్క కాలానికి 'ఐ, వి, యు, హి, షి, ఇట్, దే' అనే ఏడు సర్వనామాలు. మొత్తం 84 గడులు. పరీక్ష కోసం ఈ పట్టికను కంఠస్థం చేసినవారు కూడా ఉద్యోగ దరఖాస్తు రాసేటప్పుడో, ఇంటర్వ్యూలో ప్రశ్నకు సమాధానం చెప్పేటప్పుడో 'ఐ డిడ్ నాట్ రిసీవ్డ్' అని తప్పు చేయడం చూస్తుంటాం. పట్టిక గుర్తున్నా, ఆ పట్టిక వెనుక ఉన్న నియమం తెలియకపోవడమే దీనికి కారణం.

ఆ నియమం చిన్నది. రెగ్యులర్ క్రియకు ఉన్నవి నాలుగే రూపాలు. వాటికి తోడుగా గుర్తుంచుకోవలసిన సహాయక పదాలు పద్నాలుగు. కాలాన్ని తెలిపే గుర్తు క్రియాపద సముదాయంలో ఒక్కసారే, మొదటి పదంపైనే వస్తుంది. ఈ మూడు విషయాలు పట్టుబడితే 84 గడులనూ మీరే నింపుకోవచ్చు.

ఈ పాఠంలో ఇంగ్లీషు ఉదాహరణలను తెలుగు లిపిలో ఇస్తున్నాం. ప్రతి ఉదాహరణను మొదట పైకి చదవండి. తరువాత మీ నోటుపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో రాయండి. స్పెల్లింగు చెప్పవలసిన చోట అక్షరాల పేర్లను 'ఇ-డి', 'ఐ-ఎన్-జి' అని విడదీసి చూపుతాం.

3. రెగ్యులర్ క్రియ అంటే ఏమిటి?

భూతకాలంలో 'ఇ-డి' చేరే క్రియను రెగ్యులర్ క్రియ అంటారు. దీనినే తెలుగులో క్రమ క్రియ అంటున్నాం. 'కాల్' అనే క్రియకు భూతకాల రూపం 'కాల్డ్'. 'ఓపెన్' అయితే 'ఓపెన్డ్'. 'గో' అనే క్రియకు 'వెంట్', 'రైట్' అనే క్రియకు 'రోట్' వస్తాయి. ఇవి ఈ పద్ధతికి లోబడవు కనుక ఇర్రెగ్యులర్ క్రియలు, అంటే అక్రమ క్రియలు.

అక్రమ క్రియలను ఒక్కొక్కటిగా నేర్చుకోవాలి. క్రమ క్రియలకు ఒకే సూత్రం చాలు. ఇంగ్లీషులోకి కొత్తగా వచ్చే క్రియలు దాదాపుగా అన్నీ క్రమ క్రియలే. ఇంటర్నెట్‌లో వెతకడం అనే అర్థంలో 'గూగుల్' వాడుకలోకి రాగానే దాని భూతకాలం 'గూగుల్డ్' అయింది. 2006లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ఆ పదాన్ని క్రియగా చేర్చుకుంది. పాత అక్రమ రూపాలలో కొన్ని కూడా ఈ పద్ధతిలోకి మారాయి. 'వర్క్' అనే క్రియకు ఒకప్పుడు భూతకాలం 'రాట్'. ఇప్పుడు 'వర్క్‌డ్' అంటున్నాం. పాత రూపం 'రాట్ ఐరన్' వంటి మాటల్లో మిగిలింది. అంటే సాగగొట్టి పని చేసిన ఇనుము అని అర్థం.

మరొక విషయం గమనించండి. క్రమ క్రియలలో చాలావాటిని మీరు ఇప్పటికే రోజూ వాడుతున్నారు. 'కాల్ చేశాను', 'బండి పార్క్ చేశాడు', 'టికెట్ క్యాన్సిల్ అయింది', 'ఆన్‌లైన్లో అప్లై చేసింది', 'ఫారం ప్రింట్ చేయండి' అనే వాక్యాలు చూడండి. కాల్, పార్క్, క్యాన్సిల్, అప్లై, ప్రింట్, చెక్, స్టార్ట్, స్టాప్, అటెండ్, హెల్ప్ అన్నీ క్రమ క్రియలే. పదాలు మనకు కొత్త కావు. అయితే తెలుగు వాక్యంలో ఇవి ఎప్పుడూ మూలరూపంలోనే ఉంటాయి. కాలం, పురుష, వచనం అన్నీ పక్కన ఉన్న 'చేయు', 'అవు' అనే తెలుగు క్రియలే మోస్తాయి. 'కాల్ చేశాను', 'కాల్ చేస్తుంది', 'కాల్ చేస్తున్నారు' అన్నింటిలోనూ 'కాల్' మారలేదు. ఇంగ్లీషు వాక్యంలోకి వచ్చినప్పుడు మాత్రం ఆ మూలరూపమే మారవలసి ఉంటుంది. ఈ అలవాటు లేకపోవడం వల్లనే 'షి కాల్ మి ఎవ్రీ డే' వంటి తప్పులు దొర్లుతాయి.

4. తెలుగు క్రియ, ఇంగ్లీషు క్రియ: ప్రధాన భేదం

తెలుగులో 'చేయు' అనే క్రియకు భూతకాల రూపాలు చూడండి: చేశాను, చేశాం, చేశావు, చేశారు, చేశాడు, చేసింది, చేశాయి. ఒక్క భూతకాలంలోనే ఏడు రూపాలు. క్రియ చివర ఉన్న ప్రత్యయాన్ని బట్టి కర్త ఎవరో తెలుస్తుంది. అందుకే 'వచ్చాను' అంటే చాలు, 'నేను' అని చెప్పనవసరం లేదు.

ఇంగ్లీషులో ఈ ఏడింటికీ కలిపి ఒకే రూపం: 'కాల్డ్'. ఐ కాల్డ్, వి కాల్డ్, యు కాల్డ్, హి కాల్డ్, షి కాల్డ్, ఇట్ కాల్డ్, దే కాల్డ్. క్రియను చూసి కర్తను గుర్తించే వీలు లేదు. కనుక సాధారణ ఇంగ్లీషు వాక్యంలో కర్తను తప్పక చెప్పాలి. 'నిన్న ఫోన్ చేశాను' అనే వాక్యాన్ని 'యెస్టర్‌డే కాల్డ్' అని మారిస్తే అది వాక్యం కాదు. 'ఐ కాల్డ్ యెస్టర్‌డే' అనాలి.

ఇంగ్లీషుకు కూడా ఒకప్పుడు ఇటువంటి ప్రత్యయాలు మరికొన్ని ఉండేవి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో 'హి' తరువాత క్రియకు 'ఇ-టి-హెచ్' చేరిన రూపాలు, 'నువ్వు' అనే అర్థం గల 'దౌ' తరువాత 'ఇ-ఎస్-టి' చేరిన రూపాలు కనిపిస్తాయి. కాలక్రమంలో అవి జారిపోయాయి. నేటి ఇంగ్లీషులో పురుషను, వచనాన్ని తెలిపే ప్రత్యయం క్రమ క్రియకు ఒక్కటే మిగిలింది. అది వర్తమానంలో హి, షి, ఇట్ తరువాత వచ్చే 'ఎస్'.

పురుషల పేర్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తెలుగు వ్యాకరణంలో 'అతడు, ఆమె, అది' ప్రథమ పురుష. 'నువ్వు, మీరు' మధ్యమ పురుష. 'నేను, మేము' ఉత్తమ పురుష. ఇంగ్లీషు వ్యాకరణంలో లెక్క ఇందుకు ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. 'ఐ, వి' ఫస్ట్ పర్సన్. 'యు' సెకండ్ పర్సన్. 'హి, షి, ఇట్, దే' థర్డ్ పర్సన్. 'ఫస్ట్' అన్నంత మాత్రాన దానిని 'ప్రథమ' అనుకోకూడదు. మన ప్రథమ పురుషే ఇంగ్లీషు థర్డ్ పర్సన్.

5. నాలుగు రూపాలు: స్పెల్లింగు, ఉచ్చారణ

'కాల్' అనే క్రియను నమూనాగా తీసుకుందాం.

- మూలరూపం: కాల్
- ఎస్ రూపం: కాల్స్
- ఇ-డి రూపం: కాల్డ్
- ఐ-ఎన్-జి రూపం: కాలింగ్

పాఠ్యపుస్తకాలలో భూతకాల రూపాన్ని, పాస్ట్ పార్టిసిపుల్ రూపాన్ని వేరువేరుగా చూపుతారు. 'గో, వెంట్, గాన్' వంటి అక్రమ క్రియలకు అది అవసరం. క్రమ క్రియలలో ఆ రెండూ ఒకటే: 'కాల్, కాల్డ్, కాల్డ్'. అందుచేత మనకు నాలుగు రూపాలు చాలు.

5.1 స్పెల్లింగు నియమాలు

క్రియ చివరి అక్షరాలను బట్టి ప్రత్యయం చేరేటప్పుడు కొద్దిపాటి మార్పులు జరుగుతాయి.

(అ) చివర 'ఇ' అక్షరం ఉంటే 'డి' మాత్రమే చేర్చాలి. 'మూవ్', 'టైప్', 'యూజ్' ఇటువంటివి. 'ఐ-ఎన్-జి' చేరేటప్పుడు సాధారణంగా ఆ 'ఇ' లోపిస్తుంది. చివర రెండు 'ఇ'లు ఉన్న 'అగ్రీ' వంటి క్రియలలో మాత్రం 'ఐ-ఎన్-జి' ముందు కూడా ఏదీ లోపించదు.

(ఆ) చివర హల్లు తరువాత 'వై' ఉంటే, ఆ 'వై' స్థానంలో 'ఐ' వస్తుంది. 'అప్లై', 'కాపీ', 'క్యారీ' వంటి క్రియలకు 'ఐ-ఇ-ఎస్', 'ఐ-ఇ-డి' అనే ముగింపులు వస్తాయి. 'ఐ-ఎన్-జి' ముందు మాత్రం 'వై' అలాగే ఉంటుంది. 'ప్లే', 'ఎంజాయ్' వంటి వాటిలో 'వై'కి ముందున్నది అచ్చు కనుక ఏ మార్పూ ఉండదు.

(ఇ) ఒకే అచ్చక్షరం, దాని తరువాత ఒకే హల్లుతో ముగిసే ఏకాక్షర క్రియలలో చివరి హల్లు రెట్టిస్తుంది. 'స్టాప్' అనే క్రియలో 'పి', 'ప్లాన్' అనే క్రియలో 'ఎన్' రెండుసార్లు రాయాలి. 'డబ్ల్యూ', 'ఎక్స్', 'వై' రెట్టించవు. రెండు అక్షరాల ఉచ్చారణ గల క్రియలలో ఊనిక రెండవ దానిపై ఉంటే రెట్టింపు ఉంటుంది. మొదటి దానిపై ఉంటే ఉండదు. అందుకే 'ప్రిఫర్' అనే క్రియలో 'ఆర్' రెట్టిస్తుంది, 'విజిట్' అనే క్రియలో 'టి' రెట్టించదు. 'క్యాన్సిల్', 'ట్రావెల్' వంటి వాటిలో బ్రిటిష్ పద్ధతిలో 'ఎల్' రెట్టిస్తుంది, అమెరికన్ పద్ధతిలో రెట్టించదు. మన దేశంలో పాఠ్యపుస్తకాలు సాధారణంగా బ్రిటిష్ పద్ధతినే పాటిస్తాయి.

(ఈ) 'స్, ష్, చ్, జ్, క్స్' ధ్వనులతో ముగిసే క్రియలకు 'ఎస్' బదులు 'ఇ-ఎస్' చేరుతుంది: పాసెస్, వాషెస్, వాచెస్, ఫిక్సెస్. చివర ఇదివరకే 'ఇ' ఉంటే 'ఎస్' చేరిస్తే చాలు.

5.2 'ఇ-డి' ఉచ్చారణ

రాతలో 'ఇ-డి' ఒకటే అయినా పలకడంలో అది మూడు విధాలు. తెలుగు వ్యాకరణంలో చదువుకున్న పరుషాలు, సరళాలు ఇక్కడ ఉపయోగపడతాయి.

మొదటిది: క్రియ 'క్, చ్, ప్' అనే పరుష ధ్వనులతో గాని, 'స్, ష్, ఫ్' ధ్వనులతో గాని ముగిస్తే 'ఇ-డి'ని 'ట్' అని పలకాలి. హెల్ప్‌ట్, వర్క్‌ట్, వాచ్‌ట్, వాష్‌ట్, పాస్‌ట్.

రెండవది: క్రియ సరళ ధ్వనులతో గాని, అచ్చుతో గాని, 'మ్, న్, ల్, వ్' వంటి ధ్వనులతో గాని ముగిస్తే 'డ్' అని పలకాలి. కాల్డ్, ఓపెన్డ్, ప్లేడ్, మూవ్డ్.

మూడవది: క్రియ 'ట్' లేదా 'డ్' ధ్వనితో ముగిస్తే 'ఇడ్' అని పలకాలి. వాంటిడ్, స్టార్టిడ్, అటెండిడ్. 'ట్' పక్కన మరో 'ట్' గాని 'డ్' గాని వినిపించదు కనుక మధ్యలో ఒక అచ్చు చేరిందని గుర్తుంచుకోండి.

ఈ మూడవ విధంలో మాత్రమే 'ఇ-డి' వల్ల ఒక అక్షరం అదనంగా పలుకుతుంది. అక్షరాలను చూసి చదివే అలవాటు వల్ల మనలో చాలామంది 'హెల్పెడ్', 'వాషెడ్', 'స్టాపెడ్' అంటుంటారు. ఇవి సరైన ఉచ్చారణలు కావు. ఇకపై ఉదాహరణలలో ఈ రూపాలను తెలుగులో రాసే వాడుక ప్రకారం 'వర్క్‌డ్', 'అటెండెడ్' అనే రాస్తాం. పలకడంలో పై నియమాన్ని పాటించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I

1. ఫినిష్, ప్లాన్, కాపీ, అరైవ్ అనే క్రియలకు మిగిలిన మూడు రూపాలు ఇంగ్లీషు అక్షరాలతో రాయండి. స్పెల్లింగు మారిన చోట ఏ నియమం వర్తించిందో తెలపండి.
2. ఆస్క్, ఓపెన్, పోస్ట్, నీడ్, లాఫ్ అనే క్రియలకు 'ఇ-డి' చేరినప్పుడు ఏ ఉచ్చారణ వస్తుంది?

6. సహాయక క్రియల వరుస, పన్నెండు కాలాలు

నాలుగు రూపాలతో పన్నెండు కాలాలు ఎలా ఏర్పడతాయి? సహాయక క్రియల వల్ల. అవి ఇవి:

- బి వర్గం: యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బి, బీన్
- హావ్ వర్గం: హావ్, హాజ్, హాడ్
- డు వర్గం: డు, డజ్, డిడ్
- విల్

మొత్తం పద్నాలుగు పదాలు. ఇవి అక్రమ రూపాలు కనుక కంఠస్థం చేయవలసిందే. ఇవి వచ్చే వరుస, ఇవి తమ తరువాతి పదాన్ని శాసించే తీరు మాత్రం ఎప్పుడూ మారవు.

- 'విల్' తరువాత మూలరూపం వస్తుంది: విల్ కాల్.
- 'హావ్' వర్గం తరువాత పాస్ట్ పార్టిసిపుల్, అంటే క్రమ క్రియకు ఇ-డి రూపం వస్తుంది: హావ్ కాల్డ్. 'బి'కి ఈ రూపం 'బీన్'.
- 'బి' వర్గం తరువాత ఐ-ఎన్-జి రూపం వస్తుంది: ఈజ్ కాలింగ్. (కర్మణి వాక్యాలలో 'బి' తరువాత ఇ-డి రూపం వస్తుంది. ఈ పాఠంలో కర్తరి వాక్యాలనే చూస్తున్నాం.)

వరుస ఎప్పుడూ ఇదే: విల్, హావ్, బి, ప్రధాన క్రియ. వీటిలో అవసరం లేనివి వదిలివేయవచ్చు గాని, ముందువి వెనుకకు, వెనుకవి ముందుకు మారవు. కాలాన్ని బట్టి, కర్తను బట్టి మారేది మొదటి పదం ఒక్కటే.

'కాల్' క్రియకు పన్నెండు కాలాలు:

వర్తమానం
- సింపుల్: ఐ కాల్, షి కాల్స్
- కంటిన్యుయస్: ఐ యామ్ కాలింగ్, షి ఈజ్ కాలింగ్, దే ఆర్ కాలింగ్
- పర్ఫెక్ట్: ఐ హావ్ కాల్డ్, షి హాజ్ కాల్డ్
- పర్ఫెక్ట్ కంటిన్యుయస్: ఐ హావ్ బీన్ కాలింగ్, షి హాజ్ బీన్ కాలింగ్

భూతకాలం
- సింపుల్: ఐ కాల్డ్, షి కాల్డ్
- కంటిన్యుయస్: ఐ వాజ్ కాలింగ్; దే వర్ కాలింగ్
- పర్ఫెక్ట్: ఐ హాడ్ కాల్డ్, షి హాడ్ కాల్డ్
- పర్ఫెక్ట్ కంటిన్యుయస్: ఐ హాడ్ బీన్ కాలింగ్, షి హాడ్ బీన్ కాలింగ్

భవిష్యత్తు
- సింపుల్: ఐ విల్ కాల్, షి విల్ కాల్
- కంటిన్యుయస్: ఐ విల్ బి కాలింగ్, షి విల్ బి కాలింగ్
- పర్ఫెక్ట్: ఐ విల్ హావ్ కాల్డ్, షి విల్ హావ్ కాల్డ్
- పర్ఫెక్ట్ కంటిన్యుయస్: ఐ విల్ హావ్ బీన్ కాలింగ్, షి విల్ హావ్ బీన్ కాలింగ్

చివరి వాక్యాన్ని విడదీసి చూద్దాం. 'విల్' ఉంది కనుక తరువాత మూలరూపం 'హావ్'. 'షి' కర్త అయినా 'హాజ్' రాదు. 'హావ్' ఉంది కనుక తరువాత 'బీన్'. 'బీన్' బి వర్గంలోనిది కనుక తరువాత 'కాలింగ్'. పొడవైన రూపమే అయినా ఒక్కొక్క అడుగూ పై నియమం ప్రకారమే పడింది.

భవిష్యత్తుకు 'ఐ', 'వి' తరువాత 'షల్' వాడాలని పాత వ్యాకరణ పుస్తకాలు చెప్పేవి. నేటి వాడుకలో అన్ని సర్వనామాలకూ 'విల్' సరిపోతుంది. క్రియారూపం మారడాన్నే లెక్కలోకి తీసుకుంటే ఇంగ్లీషుకు వర్తమానం, భూతం అనే రెండే కాలాలు ఉన్నాయని చాలామంది భాషాశాస్త్రవేత్తలు అంటారు. నాలుగు రూపాలలో భవిష్యత్తుకంటూ ప్రత్యేక రూపం లేకపోవడం మీరు గమనించే ఉంటారు. పాఠ్యాంశ సౌలభ్యం కోసం మనం పన్నెండు కాలాల విభజననే పాటిస్తున్నాం.

7. వ్యతిరేక వాక్యాలు, ప్రశ్నలు

వాక్యంలో సహాయక క్రియ ఇదివరకే ఉంటే పని సులభం. మొదటి సహాయక క్రియ తరువాత 'నాట్' చేరిస్తే వ్యతిరేక వాక్యం: 'షి ఈజ్ నాట్ కాలింగ్'. దానిని కర్తకు ముందుకు తెస్తే ప్రశ్న: 'ఈజ్ షి కాలింగ్?'

సింపుల్ ప్రెజెంట్, సింపుల్ పాస్ట్ కాలాలలో సహాయక క్రియ లేదు. అప్పుడు 'డు' వర్గాన్ని తెచ్చుకోవాలి. దాని తరువాత ఎప్పుడూ మూలరూపమే.

- షి కాల్స్. – షి డజ్ నాట్ కాల్. – డజ్ షి కాల్?
- షి కాల్డ్. – షి డిడ్ నాట్ కాల్. – డిడ్ షి కాల్?

'కాల్స్'లోని 'ఎస్' ఎక్కడికి పోయింది? 'డజ్'లోకి చేరింది. 'కాల్డ్'లోని భూతకాలం 'డిడ్'లోకి చేరింది. గుర్తు ఒక్కసారే వస్తుంది కనుక ప్రధాన క్రియ మూలరూపానికి తిరిగి వచ్చింది. 'షి డజ్ నాట్ కాల్స్', 'డిడ్ షి కాల్డ్?' అంటే ఒకే గుర్తును రెండుసార్లు పెట్టినట్లు. 'కాల్ చేసింది' అనే తెలుగు మాటనే తీసుకోండి. కాలం 'చేసింది'లో ఉంది, 'కాల్' మూలరూపంలోనే ఉంది. 'డిడ్ కాల్' కూడా అదే తీరు. మనం రోజూ పలికే మాటలోనే ఈ నియమం ఉంది.

8. తెలుగు మాతృభాషగా గలవారు తడబడే సందర్భాలు

రూపాలు తయారు చేయడం వచ్చిన తరువాత మిగిలే సమస్య, ఏ సందర్భానికి ఏ రూపం అన్నది. ఒక తెలుగు రూపానికి ఒక ఇంగ్లీషు రూపం అని జత కట్టుకుంటే ఇక్కడే పొరపాటు జరుగుతుంది.

8.1 'చేస్తాను'

'రోజూ అమ్మకు ఫోన్ చేస్తాను', 'రేపు అమ్మకు ఫోన్ చేస్తాను' అనే వాక్యాలలో క్రియారూపం ఒకటే. మొదటిది అలవాటు, రెండవది భవిష్యత్తు. అలవాటును తెలిపే అర్థాన్నే తెలుగు వ్యాకరణంలో తద్ధర్మం అంటారు. తెలుగులో 'రోజూ', 'రేపు' అనే పదాలే ఆ భేదాన్ని తెలుపుతాయి. ఇంగ్లీషులో క్రియ కూడా మారాలి: 'ఐ కాల్ మై మదర్ ఎవ్రీ డే', 'ఐ విల్ కాల్ మై మదర్ టుమారో'.

8.2 'చేశాను'

'నిన్న ఫోన్ చేశాను', 'ఇప్పటికే ఫోన్ చేశాను' అనే వాక్యాలలో కూడా రూపం ఒకటే. ఇంగ్లీషులో మొదటిది సింపుల్ పాస్ట్: 'ఐ కాల్డ్ యెస్టర్‌డే'. రెండవది ప్రెజెంట్ పర్ఫెక్ట్: 'ఐ హావ్ ఆల్‌రెడీ కాల్డ్'. గడిచిపోయిన సమయాన్ని స్పష్టంగా చెప్పినప్పుడు 'హావ్' రాకూడదు. కనుక 'ఐ హావ్ కంప్లీటెడ్ మై ఇంటర్మీడియట్ ఇన్ 2019' అనేది తప్పు. 'ఐ కంప్లీటెడ్ మై ఇంటర్మీడియట్ ఇన్ 2019' అనాలి. సంవత్సరం చెప్పకపోతే 'ఐ హావ్ కంప్లీటెడ్ మై ఇంటర్మీడియట్' అనవచ్చు.

8.3 'చేస్తున్నాను'

'ఇప్పుడు ఫోన్ చేస్తున్నాను' అంటే 'ఐ యామ్ కాలింగ్ నౌ'. 'ఉదయం నుంచి ఫోన్ చేస్తున్నాను' అంటే మాత్రం 'ఐ హావ్ బీన్ కాలింగ్ సిన్స్ మార్నింగ్'. గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి 'నుంచి', 'గా' అనే మాటలు తెలుగులో గుర్తు. 'రెండేళ్లుగా', '2020 నుంచి' అనే మాట మీ మనసులోని వాక్యంలో ఉంటే 'హావ్' లేదా 'హాజ్' అవసరమని గ్రహించండి. ఆరంభ బిందువుకు 'సిన్స్', వ్యవధికి 'ఫర్' వాడాలి: 'సిన్స్ 2020', 'ఫర్ టూ ఇయర్స్'.

8.4 ఒక దరఖాస్తులోని వాక్యం

ఈ భేదాలు మార్కులకే పరిమితం కావు. మూడు సంవత్సరాలుగా ఒక పాఠశాలలో పనిచేస్తున్న వ్యక్తి మరొక ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నారని అనుకుందాం.

- ఐ వర్క్‌డ్ ఇన్ ఎ స్కూల్ ఫర్ త్రీ ఇయర్స్.
- ఐ హావ్ వర్క్‌డ్ ఇన్ ఎ స్కూల్ ఫర్ త్రీ ఇయర్స్.
- ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ ఎ స్కూల్ ఫర్ త్రీ ఇయర్స్.

మొదటి వాక్యం చదివినవారు ఆ ఉద్యోగం ముగిసిపోయిందని భావిస్తారు. 'ఎప్పుడు మానేశారు? ఎందుకు మానేశారు?' అని ఇంటర్వ్యూలో అడగవచ్చు. రెండవ వాక్యం ఇప్పటివరకు ఉన్న అనుభవాన్ని తెలుపుతుంది. మూడవది ఆ పని ఇంకా కొనసాగుతున్నదని స్పష్టం చేస్తుంది. మూడూ వ్యాకరణరీత్యా సరైనవే. కాని ఈ వ్యక్తి విషయంలో మొదటి వాక్యం నిజం కాదు. సరైన రూపాన్ని ఎంచుకోవడమంటే చెప్పదలచిన విషయాన్ని ఉన్నది ఉన్నట్లుగా చెప్పడమే.

8.5 స్థితిని తెలిపే క్రియలు

వాంట్, నీడ్, లైక్, బిలీవ్, బిలాంగ్, ఓన్ వంటి క్రియలు పనిని కాక స్థితిని తెలుపుతాయి. ఇవి సాధారణంగా ఐ-ఎన్-జి రూపంలో రావు. తెలుగులో 'నమ్ముతున్నాను' అనడం సహజమే. ఇంగ్లీషులో 'ఐ బిలీవ్' అనాలి, 'ఐ యామ్ బిలీవింగ్' అనకూడదు. అలాగే 'ఐ నీడ్ ఎ సర్టిఫికెట్' సరైనది, 'ఐ యామ్ నీడింగ్' సరైనది కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – II

కింది వాక్యాలను సరిచేసి, కారణం తెలపండి.

1. షి డిడ్ నాట్ అటెండెడ్ ద క్లాస్.
2. మై ఫాదర్ వర్క్ ఇన్ ద ఫీల్డ్స్ ఎవ్రీ డే.
3. ఐ యామ్ లివింగ్ ఇన్ వరంగల్ సిన్స్ 2018.
4. దే హావ్ విజిటెడ్ తిరుపతి లాస్ట్ మంత్.
5. హి విల్ స్టార్ట్స్ టుమారో.

9. సారాంశం

క్రమ క్రియకు మూలరూపం, ఎస్ రూపం, ఇ-డి రూపం, ఐ-ఎన్-జి రూపం అనే నాలుగు రూపాలు ఉన్నాయి. తెలుగు క్రియ కర్తను తన ప్రత్యయంలోనే చెబుతుంది. ఇంగ్లీషు క్రియ చెప్పదు కనుక కర్తను విడిగా చెప్పాలి. విల్, హావ్, బి అనే సహాయక క్రియలు ఇదే వరుసలో వస్తాయి. ప్రతి పదం తన తరువాతి పదం రూపాన్ని నిర్ణయిస్తుంది. కాలాన్ని తెలిపే గుర్తు మొదటి పదంపై ఒక్కసారే వస్తుంది. అందుకే 'డిడ్', 'డజ్', 'విల్' తరువాత మూలరూపమే వాడాలి. 'చేస్తాను', 'చేశాను', 'చేస్తున్నాను' అనే ఒక్కొక్క తెలుగు రూపానికి ఇంగ్లీషులో ఒకటి కంటె ఎక్కువ రూపాలు ఉండవచ్చు. వాక్యంలోని సమయసూచక పదం వాటిలో సరైనదాన్ని ఎంచుకోవడానికి తోడ్పడుతుంది.

10. మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

I

1. ఫినిష్: ఫినిషెస్, ఫినిష్‌డ్, ఫినిషింగ్. చివర 'ష్' ధ్వని కనుక 'ఇ-ఎస్' చేరింది. ప్లాన్: ప్లాన్స్, ప్లాన్డ్, ప్లానింగ్. చివరి రెండు రూపాలలో 'ఎన్' రెట్టించింది. కాపీ: కాపీస్, కాపీడ్, కాపీయింగ్. మొదటి రెండింటిలో 'వై' స్థానంలో 'ఐ' వచ్చింది. అరైవ్: అరైవ్స్, అరైవ్డ్, అరైవింగ్. ఇ-డి రూపంలో 'డి' మాత్రమే చేరింది. ఐ-ఎన్-జి ముందు 'ఇ' లోపించింది.

2. ఆస్క్: ట్. ఓపెన్: డ్. పోస్ట్: ఇడ్. నీడ్: ఇడ్. లాఫ్: ట్. 'లాఫ్' చివరి అక్షరాలు 'జి-హెచ్' అయినా ధ్వని 'ఫ్' కనుక 'ట్' వచ్చింది. ఈ నియమానికి ధ్వనే ఆధారం, అక్షరం కాదు.

II

1. షి డిడ్ నాట్ అటెండ్ ద క్లాస్. 'డిడ్' తరువాత మూలరూపం.
2. మై ఫాదర్ వర్క్స్ ఇన్ ద ఫీల్డ్స్ ఎవ్రీ డే. 'మై ఫాదర్' అంటే 'హి' కనుక ఎస్ రూపం.
3. ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ వరంగల్ సిన్స్ 2018. గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పని. 'ఐ హావ్ లివ్డ్' కూడా సరైనదే.
4. దే విజిటెడ్ తిరుపతి లాస్ట్ మంత్. గడిచిన సమయాన్ని స్పష్టంగా చెప్పాం.
5. హి విల్ స్టార్ట్ టుమారో. 'విల్' తరువాత మూలరూపం.

11. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 వాక్యాలలో సమాధానం రాయండి.

1. 'కాలాన్ని తెలిపే గుర్తు మొదటి పదంపై ఒక్కసారే వస్తుంది.' ఈ సూత్రాన్ని తగిన ఉదాహరణలతో వివరించండి.
2. తెలుగు, ఇంగ్లీషు క్రియారూపాలలోని ప్రధాన భేదాలను తెలిపి, వాటి వల్ల అభ్యాసకులకు ఎదురయ్యే ఇబ్బందులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 10 వాక్యాలలో సమాధానం రాయండి.

1. 'ఇ-డి' ప్రత్యయానికి గల మూడు ఉచ్చారణలను ఉదాహరణలతో తెలపండి.
2. సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ పర్ఫెక్ట్ కాలాల మధ్య గల అర్థభేదాన్ని వివరించండి.
3. మీ దినచర్యలో వాడే ఐదు క్రమ క్రియలను ఎంచుకోండి. ఒక్కొక్క క్రియతో అలవాటును, నిన్నటి పనిని, రేపటి పనిని తెలిపే మూడు వాక్యాలు ఇంగ్లీషులో రాయండి.